కొందరి బలహీనత

మా విభాగంలో ఎం.ఏ. రెండో సంవత్సరం వారికి జాతివివక్షను, కులాన్ని పక్కపక్కన పెట్టి చదివే ఒక పేపరు నేను బోధిస్తాను. గత సెమిస్టరులో ఒక మధ్యాహ్నం దక్షిణాఫ్రికా చర్చి గురించి చెబుతున్నాను. 1963 సెప్టెంబరులో బేయర్స్ నౌడే అనే తెల్లజాతి పాస్టరు జొహానెస్‌బర్గ్‌లోని తన సంఘం ముందు నిలబడి, మనుషులకంటె దేవునికే విధేయులం కావాలన్న అపొస్తలుల మాట మీద ప్రసంగించి, తన పదవిని వదులుకున్న ఘట్టం అది. ఏటా కాస్త ఉద్వేగంతోనే చెప్పే పాఠం. వెనుక వరుసలో నుంచి పల్నాడు ప్రాంతపు విద్యార్థి ఒకతను చేయెత్తి, “సార్, మీ ఊళ్లో సమాధుల తోట ఒకటా, రెండా?” అని అడిగాడు.

“రెండు” అన్నాను. పాఠం కొనసాగించాను. అతడు మరేమీ అడగలేదు. అడగవలసింది అడిగేశాడు కాబోలు.

కుల సమస్యపై ఈ పేజీలో నాలాంటివాళ్లు రాయడం కంటె చదవడం మేలన్న అభిప్రాయం ఒకటి ఉంది. అందులో న్యాయం ఉంది. అయితే దళితుల బాధ గురించి నేను ఇక్కడ కొత్తగా చెప్పబోయేది ఏమీ లేదు. చెప్పదలచుకున్నది నా గురించి, నాలాంటి వారి విశ్వాసం గురించి.

మేము కతోలిక రెడ్లం. 18వ శతాబ్దిలో ఫ్రెంచి జెస్యూట్ గురువుల కాలంలో జ్ఞానస్నానం పొంది, తరువాత కృష్ణా తీరానికి వలస వచ్చిన కుటుంబాల వారసులమని మా పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. మా ఇళ్లలో పేర్లు ఇన్నారెడ్డి, శౌరెడ్డి, జోజిరెడ్డి. ఇన్నాసి, శౌరి, జోజి అనే పునీతులు ముందు, కులం వెనుక. రెండూ ఎంత చక్కగా సంధి కలిశాయంటే, విడదీసి చూడాలన్న ఆలోచన నలభై ఏళ్లు దాటేదాకా నాకు రాలేదు. మతం మారినందుకు మా కుటుంబం పోగొట్టుకున్నది ఏమీ లేదు. పొలం పోలేదు, పరువు పోలేదు, వియ్యాలు పోలేదు.

నాకు జపాలు నేర్పినది మాలపల్లె నుంచి వచ్చే ఉపదేశి. చదువురాని పిల్లలకు సైతం పరలోకజపం కంఠతా వచ్చేలా చేయగల ఓర్పు ఆయనది. సాయంత్రం మా అరుగు కింది మెట్టు మీద కూర్చుని చెప్పేవాడు, నేను అరుగు మీద కూర్చుని వల్లించేవాడిని. పాఠం అయ్యాక మా అమ్మ కాఫీ తెచ్చేది. ఆయన లేచి, చూరులో దోపి ఉన్న గ్లాసు తానే తీసుకొని, ఎత్తి పోసిన కాఫీ తాగి, తానే కడిగి మళ్లీ చూరులో పెట్టేవాడు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు, ఆయనకు యాభై దాటి ఉంటాయి. నేను ఆయనను పేరు పెట్టి, ‘నువ్వు’ అని పిలిచేవాడిని. ఆయన నన్ను ‘చిన్నయ్యగారు’ అనేవాడు. దేవుడు ‘మా’ తండ్రి అని చెప్పే జపాన్ని నేను నేర్చుకున్న పద్ధతి అది.

1991 ఆగస్టులో చుండూరులో 8 మంది దళితులను చంపి, కొన్ని శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేసినప్పుడు నాకు పన్నెండేళ్లు. సినిమా హాల్లో ఒకరి కాలు మరొకరికి తగలడంతో మొదలైన గొడవ అని పత్రికలు రాశాయి. మా ఇంట్లో మాట్లాడుకున్నది చంపినవారి గురించి కాదు, తగిలిన కాలు గురించి. “చదువులొచ్చి మరీ మితిమీరిపోయారు” అన్న మాట నేను ఆ వారంలో ఎన్నిసార్లు విన్నానో. చనిపోయినవారి ఇళ్లలోనూ సిలువ ఉందన్న సంగతి మాకు తెలుసు. ఆ ఆదివారం మా గుడిలో విశ్వాసుల ప్రార్థనలో వర్షాల కోసం వేడుకున్నాం, చుండూరు పేరు ఎత్తలేదు. తరువాత 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది, 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. చుండూరు దళితులు తమ వారిని ఊరి చివర కాక ఊరి నడుమ పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. శవాన్ని ఎక్కడ పూడ్చాలన్నది రాజకీయ ప్రశ్న అని నాకు వారి వల్ల తెలియవలసింది. పుస్తకాల వల్ల, అదీ చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక దక్షిణాఫ్రికా సంగతి. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ చర్చిలో మొదట తెల్లవారు, నల్లవారు ఒకే బల్ల వద్ద ప్రభువు భోజనం తీసుకోవడమే నియమం. తెల్ల విశ్వాసుల్లో కొందరు దీనికి ఒప్పుకోలేదు. 1857లో కేప్ సినడ్ ఒక తీర్మానం చేసింది. దాని సారం ఇది: కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు ఉన్న సంఘాల్లోనే చేరడం వాంఛనీయం, లేఖనసమ్మతం. అయితే ‘కొందరి బలహీనత’ వల్ల అది పనికి అడ్డమైతే, వారికి వేరే కట్టడంలో, వేరే ఏర్పాటులో ఆరాధన జరపవచ్చు.

ఈ ‘కొందరి బలహీనత’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. విశ్వాసంలో బలహీనులైన సోదరులను బలవంతులు భరించాలని పౌలు రాశాడు. సినడ్ ఆ బోధను తలకిందులు చేసింది. బలహీనులు ఎవరు? పక్కన నల్లమనిషి కూర్చుంటే ప్రభువు పాత్ర ముట్టలేని తెల్లవారు. ఆ బలహీనత ఖరీదు ఎవరు చెల్లించాలి? బయటికి నడిచిన నల్లవారు. వివక్షను సిద్ధాంతంగా ఎవరూ ప్రకటించలేదు. జాలితో, తాత్కాలికంగా, పని సాగడం కోసం ఒప్పుకున్నారు. 1881 నాటికి మిశ్రవర్ణం వారికి వేరే మిషన్ చర్చి ఏర్పడింది. 1948లో అపార్థైడ్‌ను ప్రభుత్వ విధానం చేసిన ప్రధాని డి.ఎఫ్. మలాన్ అదే డచ్ చర్చిలో పూర్వం పాస్టరు. కొందరి మొహమాటం కోసం చేసిన ఏర్పాటు తొంభై ఏళ్లలో దేశానికి చట్టమయింది.

నౌడే ఈ చర్చి కడుపున పుట్టిన బిడ్డ. ఆఫ్రికానర్ల రహస్య సంఘం బ్రూడర్‌బాండ్‌కు ఆయన తండ్రి వ్యవస్థాపకుల్లో ఒకరు, తొలి అధ్యక్షుడు. కొడుకు 1940లో, ఇరవై అయిదేళ్ల వయసులో అందులో చేరాడు. 1950ల చివర, నల్లవారి సంఘాల్లో పనిచేస్తున్న కొందరు యువ పాస్టర్లు ఆయన దగ్గరకు వచ్చి, మా మాట నమ్మకపోతే వచ్చి చూడండని పిలిచారు. వెళ్లి చూశాడు. అప్పటిదాకా తనకు తెలియదని తరువాత చెప్పుకున్నాడు. 1960 మార్చిలో షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపారు. ఆ డిసెంబరులో కాటెస్లోలో సమావేశమైన చర్చిల ప్రతినిధులు జాతివివక్షను విమర్శిస్తూ ప్రకటన చేస్తే, ప్రధాని ఫర్‌వూర్డ్ ఒత్తిడికి డచ్ చర్చి వెనక్కు తగ్గింది. నౌడే తగ్గలేదు. 1963లో క్రిస్టియన్ ఇన్‌స్టిట్యూట్ బాధ్యత తీసుకున్నాడు, బ్రూడర్‌బాండ్ విడిచాడు, వేదిక దిగాడు. 1977 నుంచి 1984 వరకు ప్రభుత్వం ఆయనపై నిషేధం పెట్టింది. ఆ ఏడేళ్లు ఒకసారికి ఒక్క మనిషితో మించి కలవడానికి వీలు లేదు.

తరగతిలో నేను ఎప్పుడూ నొక్కి చెప్పేది 1963 నాటి సాహసం గురించి. ఆ ప్రశ్న తరువాత నా దృష్టి అంతకుముందరి ఇరవైమూడేళ్ల మీద పడింది. మంచివాడు, చదువుకున్నవాడు, రోజూ బైబిలు తెరిచేవాడు, తన ఊరి అంచున ఏం జరుగుతున్నదో అన్నేళ్లు తెలియకుండా ఎట్లా ఉండగలిగాడు? అది కపటమని నేను అనుకోవడం లేదు. తెలియకుండా ఉండడానికి కూడా ఒక ఏర్పాటు కావాలి. వేరే వీధి, వేరే బడి, వేరే గుడి, వేరే గ్లాసు. అన్నీ అమర్చి ఉన్నప్పుడు మనిషి చెడ్డవాడు కానక్కరలేదు, ఊరకే పెరిగితే చాలు.

జాతి, కులం ఒకటి కావన్న వాదం నాకు తెలుసు. 2001లో డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సు జరిగినప్పుడు కులాన్ని అక్కడ చర్చించకూడదని మన ప్రభుత్వం పట్టుబట్టింది. వాటి పుట్టుకలు వేరే కావచ్చు. ప్రభువు భోజనపు బల్ల దగ్గర రెండూ ఒకే పని చేశాయి.

మన నేల మీద ఈ బలహీనతకు లొంగని ఘట్టాలూ ఉన్నాయి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ చర్మకారుడు అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌను వెతుక్కుంటూ వచ్చాడు. మాదిగలను చేర్చుకుంటే మేము రామని ఒంగోలులోని పెద్దకులాల వారు చెప్పారు. క్లౌ తటపటాయించాడు. చివరకు ఈ లోకపు నీచులను దేవుడు ఎన్నుకున్నాడన్న కొరింథీయుల పత్రికలోని వాక్యం దగ్గర ఆయనా, ఆయన భార్యా విడివిడిగా ఆగారని తన పుస్తకంలో చెప్పుకున్నాడు. పెద్దకులాల వారు నిజంగానే రాలేదు. 1876–78 కరవు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాలు దీన్ని క్లౌ ఘనతగా రాస్తాయి. నా దృష్టిలో అది పేరయ్య ఘనత. మేము ఇన్నేళ్లు గొప్పగా చెప్పుకున్న మా ‘పాత విశ్వాసం’ ఒంగోలులో ఆ పెద్దకులాల వారు అడిగిన షరతుకు తలొగ్గిన విశ్వాసం. ఆ షరతును ఎవరూ మాకు గుర్తుచేయలేదు, మేమూ గుర్తుచేసుకోలేదు.

రాజ్యం సంగతి పాఠకులకు తెలిసినదే. 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులస్థులు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు ఇంకా బయటే ఉన్నారు. తెలుగు రాష్ట్రాల్లో వారికి దక్కింది బి.సి. ‘సి’ గ్రూపు, 1 శాతం రిజర్వేషన్. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరాను తొలగించమంది. 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నది ప్రభుత్వపు ప్రశ్న. ఆ ప్రశ్నకు బలమైన సాక్ష్యం చెప్పగలిగిన వాళ్లం మేమే, ఎందుకంటే కులాన్ని గుడిలో కాపాడినది మేము. ఆ సాక్ష్యం మేము చెప్పం. ఏటా ఆగస్టు 10న నల్ల రిబ్బను పెట్టుకొని ధర్నాలో నిలబడిన ఫొటోలు నావి కొన్ని ఉన్నాయి. ఆ ధర్నాల్లో ఎక్కడా నేను మా ఊరి సమాధుల తోట గురించి మాట్లాడలేదు.

ఆ విద్యార్థి ప్రశ్న తరువాత నేను చేసిన మొదటి పని చిన్నదే. నా పర్యవేక్షణలో పిహెచ్.డి. చేసినవారి జాబితా తీసి చూశాను. 11 మంది. అందులో దళితులు 5 మంది. ఆ ఐదుగురిలో నలుగురికి నేను సూచించిన అంశం వారి సొంత ఊరు, సొంత కులం, సొంత వాడ మీద క్షేత్ర అధ్యయనం. సిద్ధాంత చర్చ అవసరమైన అంశాలు, ఆర్కైవుల పని, పై దేశాల రచనలతో పని మిగతా ఆరుగురికి వెళ్లాయి. ‘వాళ్లకు అనుభవం ఉంది, సులువుగా పూర్తవుతుంది’ అన్నదే నా ఆలోచన, దాన్ని నేను దయ అనుకున్నాను. భారతీయ సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం కొందరిది, సమాచార సేకరణ మరికొందరిది అయిపోయిందని గోపాల్ గురు 2002లో రాసిన వ్యాసాన్ని నేను పదేళ్లుగా ఏటా పాఠంగా చెబుతున్నాను. చెబుతూనే ఆ ఐదుగురిని అరుగు కింది మెట్టు మీద కూర్చోబెట్టాను.

రెండో పనికి ఊరికి వెళ్లవలసి వచ్చింది. నవంబరు 2, సమాధుల పండుగ. రెండేళ్ల కిందట చనిపోయిన మా నాన్న సమాధికి సున్నం వేయించి, కొవ్వొత్తులు వెలిగించి, మధ్యనున్న మొలలోతు గోడ దాటి అవతలికి వెళ్లాను. ఆ వైపు అడుగు పెట్టడం నా జీవితంలో అదే మొదలు. ఉపదేశి సమాధి వెతకడానికి చాలాసేపు పట్టింది. మట్టి దిబ్బ, చెక్క సిలువ, పేరు సగం చెరిగింది. ఆయన కొడుకు అక్కడే ఉన్నాడు. నా వయసువాడే, తాపీపని చేస్తాడు, ఇప్పుడు ఆదివారాలు ఉపదేశి పని కూడా చూస్తున్నాడు. మా నాన్న శవయాత్రలో జపాలు చెప్పింది అతడే. గేటు దాకా చెప్పి ఆగిపోయాడన్న సంగతి నేను ఆ రోజు గమనించలేదు.

చూరులోని గ్లాసు గురించి ఎత్తాను. తప్పు జరిగిందన్నాను. అతడు కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “గ్లాసు సంగతి మా నాయన ఎప్పుడూ చెప్పలేదు సార్. గ్లాసు అన్ని ఇళ్లలోనూ ఉండేది. మీరు పెద్ద చదువుకు పట్నం పోయి తిరిగొచ్చినప్పుడు కూడా పేరు పెట్టే పిలిచారంట. అది ఒక్కటే రెండు మూడుసార్లు అన్నాడు.” అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఆ పిలుపు నాకు గుర్తులేదు. క్షమించమన్నాను. “నాతో అంటే ఏం లాభం సార్. అనేదేదో విచారణ సభలో అనండి” అన్నాడు. కోపంగా కాదు, ఇటుకల లెక్క చెప్పినంత మామూలుగా.

నాకు అక్కడ విల్లీ యోంకర్ గుర్తుకొచ్చాడు. 1990 నవంబరులో రస్టెన్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా చర్చిలన్నీ సమావేశమైనప్పుడు, స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయంలో వేదాంతం చెప్పే ఈ ఆచార్యుడు లేచి, అపార్థైడ్ విషయంలో ముందుగా తన సొంత పాపాన్ని, తన సొంత బాధ్యతను ఒప్పుకున్నాడు. ఆ తరువాతే తన చర్చి తరఫున, తన జాతి తరఫున ఒప్పుకున్నాడు. డెస్మండ్ టూటూ లేచి ఆ ఒప్పుకోలును అంగీకరించాడు. మా అందరి తరఫున అంత త్వరగా క్షమించే అధికారం ఆయనకు ఎవరిచ్చారని నల్లజాతి ప్రతినిధుల్లో కొందరు అడిగారు. ఆ ఉపదేశి కొడుకు అడిగిందీ దాదాపు అదే.

యోంకర్ పాటించిన క్రమం నాకు ముఖ్యంగా తోచింది. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించి, చర్చిలో వివక్ష ఉందని ఒప్పుకుంది. మంచి పత్రం. కాని అందరి తరఫున ఒప్పుకున్న పాపం ఎవరిదీ కాకుండా పోతుంది. మా విచారణలో దాన్ని చదివి వినిపించగా నేను వినలేదు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు దళితుల నుంచి తొలి కార్డినల్ అయినప్పుడు మా ఊళ్లో ఫ్లెక్సీలు మాత్రం కట్టారు. ఒక ఫ్లెక్సీ తాడు ఆ గోడకే కట్టారని తరువాత విన్నాను.

జనవరిలో విచారణ సభ జరిగింది. గోడ తీసేసి సమాధుల తోట ఒకటి చేయాలని, ఇకపై చనిపోయినవారిని వచ్చిన వరుసలోనే పూడ్చాలని ప్రతిపాదించాను. యోంకర్ మాదిరిగా ముందు నా గురించి చెప్పాలనుకున్నాను, గ్లాసు దాకా చెప్పగలిగాను, పిలుపు సంగతి గొంతులో ఆగిపోయింది. పల్లె నుంచి వచ్చిన ముగ్గురు సభ్యులు తలదించుకొని విన్నారు. మా బాబాయి ఒకాయన, నన్ను భుజాన మోసిన మనిషి, నెమ్మదిగా అన్నాడు: “నువ్వు చెప్పింది తప్పని ఎవరంటారు నాయనా? దేవుడి ముందర అందరూ ఒకటే. కాకపోతే ఊళ్లో కొందరు ఉన్నారు, వాళ్లు తట్టుకోలేరు. ముసలివాళ్లు. వాళ్లు పోయేదాకా కాస్త ఓపిక పడదాం.”

1857 నాటి తీర్మానం ఆయన చదివి ఉండడు.

విషయం తపస్సుకాలం తరువాతి సభకు వాయిదా పడింది. నేను చనిపోతే నన్ను గోడకు అవతలి వైపున పూడ్చాలని విచారణ గురువు దగ్గరున్న పుస్తకంలో రాసి సంతకం చేసి వచ్చాను. ఇందులో సాహసమేమీ లేదు, చచ్చినవాడికి పోయేదేముంది. అసలు పని బతికి ఉండగా, అదీ ఆ సభలో ఉందని నాకు తెలుసు. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పుస్తకంలో రాసిన సంగతి బాబాయి చెప్పాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. తరువాత ఫోను చేసి, “మరి మీ నాన్న పక్కన ఎవరు పడుకుంటారు?” అని అడిగింది. గోడ తీస్తే పక్కనే కదమ్మా అన్నాను. “తీస్తారా?” అంది.